నాటిక రిహార్సల్: తొలి పఠనం నుంచి తెర లేచే వరకు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నాటకాలు ఆడేవారిలో ఎక్కువమంది పగటిపూట వేరే పని చేసుకునేవారే. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఆర్టీసీ కండక్టర్లు, జూట్ మిల్లు కార్మికులు పని ముగించుకుని ఏ పాఠశాల గదిలోనో, ఏ యూనియన్ కార్యాలయంలోనో చేరి, చివరి బస్సు అందుకోవలసినవారు లేచి వెళ్లేలోగా రెండు గంటలు రిహార్సల్ చేసుకుంటారు. ఆ రెండు గంటలూ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా సంభాషణలు వల్లించడానికే ఖర్చు పెట్టే నాటక సమాజాలు చాలా ఉన్నాయి. ఫలితం ప్రదర్శననాడు కనిపిస్తుంది. మొదటి రంగం నలిగి నలిగి నున్నబడి ఉంటుంది, చివరి రంగం పచ్చిగా ఉంటుంది.

అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉంది. నటులు సంభాషణ మరిచిపోవడం వల్ల చెడిపోయే ప్రదర్శనలు నిజానికి తక్కువ. పాత్రధారి రావలసిన క్షణానికి రాకపోవడం, లైటు ఒక మాట ముందే ఆరిపోవడం, చీకట్లో మార్చవలసిన కుర్చీ వింగు (వేదిక పక్కన నిలిపే అడ్డుతెర) పక్కన కనబడకపోవడం, ఫోను మోగవలసిన చోట మోగక నటుడు మోగని ఫోనునే ఎత్తి మాట్లాడడం వంటివే ప్రేక్షకుడికి గుర్తుండిపోతాయి. అంటే ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలయ్యే అతుకుల దగ్గరే నాటిక విడిపోతుంది. అందుచేత రిహార్సల్‌లో ఎక్కువ పాలు ఆ అతుకులకే దక్కాలనీ, తెర వెనుక పనిచేసేవారు మొదటి రోజు నుంచీ గదిలో ఉండాలనీ గట్టిగా నమ్మి ఈ పద్ధతి రాస్తున్నాను. ఆరేడు పాత్రలున్న గంట నిడివి సాంఘిక నాటికను, సుమారు నలభై రోజుల వ్యవధిని మనసులో పెట్టుకుని చెబుతున్నాను. పద్యనాటకానికి అదనంగా కావలసినవి తరువాత వస్తాయి.

ప్రతిని ముందే కుదించుకోవడం

రిహార్సల్ మొదలు కాకముందే నాటిక రాతప్రతి ఖరారు కావాలి. గురజాడ అప్పారావు కన్యాశుల్కం మొట్టమొదట 1892లో విజయనగరంలోనే రంగమెక్కింది. ఆయన తిరగరాసి 1909లో వెలువరించిన ఏడంకాల రూపాన్ని ఒక్క అక్షరం వదలకుండా ఆడితే ఒక సాయంత్రంలో ముగియదు కనుక, దాన్ని తలపెట్టే ప్రతి సమాజమూ ఏది ఉంచాలో ఏది తీయాలో ముందే తేల్చుకోక తప్పదు. గంట నాటికకు కూడా ఇదే వర్తిస్తుంది. నాటక పరిషత్తులు జరిపే పోటీకి వెళ్లేవారు నియమావళిలో ఉన్న నిడివిని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకోవాలి, ఎందుకంటే సమయం మించితే మార్కులు పోతాయి. ప్రతిని ఒకసారి బిగ్గరగా, గడియారం పెట్టుకుని చదివితే వచ్చిన సమయం అసలు నిడివి కాదు. రంగస్థలం మీద నడకలు, మౌనాలు, రంగాల మధ్య చీకటి, ప్రేక్షకుల నవ్వులు అన్నీ కలుస్తాయి. అందువల్ల చదువులో అనుమతించిన సమయానికి కనీసం అయిదారు నిమిషాలు మిగలాలి.

నటులు కంఠస్థం చేశాక కోతలు వేయడం చాలా చేటు చేస్తుంది. కోసిన వాక్యం నటుడి నోట అలవాటుగా వచ్చేస్తుంది, ఆ వాక్యాన్నే క్యూగా, అంటే తన మాట మొదలుపెట్టడానికి గుర్తుగా, పెట్టుకున్న ఎదుటి నటుడు రాని మాట కోసం ఎదురు చూస్తూ నిలబడిపోతాడు. కాబట్టి దర్శకుడూ రచయితా ఎన్ని రాత్రులైనా కూర్చుని ముందే తగువు తీర్చుకోవాలి.

కూర్చుని చదవడం

మొదటి మూడు నాలుగు సమావేశాలు కేవలం పఠనానికి కేటాయించాలి. ఎవరూ లేచి నటించకూడదు, చేతులు తిప్పకూడదు. ప్రతి వాక్యం ఎవరితో అంటున్నారు, ఏం రాబట్టుకోవడానికి అంటున్నారు, అంతకు ముందు క్షణం ఏం జరిగింది అన్న మూడు ప్రశ్నలకు పాత్రధారి తన సొంత మాటల్లో జవాబు చెప్పగలిగే వరకు ఆ పేజీ దాటకూడదు. లైట్లు చూసే వ్యక్తి, నేపథ్య సంగీతం ఇచ్చే వ్యక్తి, సెట్టింగు బాధ్యుడు కూడా ఈ పఠనానికి రావాలి. ‘ఆఖరి మూడు రోజులు వస్తే చాలదా’ అని వారు అడుగుతారు. చాలదు. కథ ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలియనివాడు లైటు ఎప్పుడు తగ్గించాలో పుస్తకం చూసి తెలుసుకోలేడు.

భాష సంగతి కూడా ఇక్కడే తేలాలి. మన ప్రాంతపు పలుకుబడితో రాసిన నాటికల్లో ఒక పాత్ర ఉత్తరాంధ్ర యాస మాట్లాడుతుంటే, అదే ఇంట్లోని మరో పాత్ర పుస్తక భాష మాట్లాడడం తరచు జరుగుతుంది. ఒక దర్శకుడు కొడుకు పాత్రధారిని ఆపి, “బావూ, నువ్వేమో ‘ఎలగ’ అంతన్నావు, మీ నాన్నేమో ‘ఎలా’ అంతన్నాడు. ఒకింట్లో పుట్టినోళ్లేనా మీరిద్దరూ?” అని అడిగితే గదంతా నవ్వింది గాని, ఆ ప్రశ్న తరువాత తండ్రీకొడుకులు కలిసి కూర్చుని ప్రతిలోని క్రియాపదాలన్నీ ఒక దారికి తెచ్చుకున్నారు. యాస నవ్వు పుట్టించడానికి పెట్టిన అలంకారంలా వినబడితే ఇక్కడి ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు, ఎందుకంటే అది అతని ఇంటి మాట.

ముగ్గుతో గీసిన రంగస్థలం

పఠనం ముగిశాక లేచి నిలబడే దశ వస్తుంది. ఇందుకు ముందుగా ప్రదర్శన జరగబోయే హాలుకు ఒకరు టేపు పట్టుకుని వెళ్లి కొలతలు తీసుకురావాలి. తెర తెరుచుకునే వెడల్పు, ముందు అంచు నుంచి వెనుక తెర వరకు లోతు, ఒక్కొక్క వింగు మధ్య ఎడం, వింగు వెనుక మనిషి నిలబడడానికి ఉన్న చోటు, కుడి నుంచి ఎడమకు వెనుకగా వెళ్లే దారి ఉన్నదీ లేనిదీ కావాలి. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. వెనుక దారి లేని వేదిక మీద కుడివైపు నిష్క్రమించిన నటుడు రెండు నిమిషాల్లో ఎడమవైపు నుంచి రావాలంటే హాలు బయటికి వెళ్లి చుట్టూ పరుగెత్తవలసి వస్తుంది. వర్షాకాలంలో అయితే తడిసి వస్తాడు. విజయనగరంలోని ఆనంద గజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళంలోని బాపూజీ కళామందిర్‌లోనో ఆడేవారు ఎన్నిసార్లు చూసిన హాలే అయినా కొలతలు కాగితం మీదికి తెచ్చుకోవాలి.

ఆ కొలతల ప్రకారం పాఠశాల వరండాలోనో ఆవరణలోనో ముగ్గుపిండితో రంగస్థలం గీయాలి. గుమ్మాలు, కిటికీ, మంచం, మెట్లు అన్నిటికీ గీతలు పడాలి. గోడ ఉండవలసిన గీతను దాటి నడిచిన నటుడిని ప్రతిసారీ ఆపాలి, లేకపోతే అసలు సెట్టింగు వచ్చిన రోజున అతను గోడలోంచి నడవబోతాడు. కుడి, ఎడమ అనేవి ప్రేక్షకులకు ఎదురుగా నిలబడిన నటుడి కుడి, ఎడమలేనని మొదటి రోజే అందరికీ చెప్పాలి. దర్శకుడు ఎదురుగా కూర్చుంటాడు కనుక ఈ ఒక్క సంగతి తేలక సగం రాత్రులు వృథా అవుతుంటాయి.

నటులు ఈ దశలో పుస్తకం చేతిలోనే ఉంచుకుని, ఏ మాట మీద లేచారో, ఏ మాట మీద ఎటు నడిచారో పెన్సిలుతో అంచున రాసుకోవాలి. పెన్సిలే వాడాలి, ఎందుకంటే కదలికలు మారుతూనే ఉంటాయి. ‘ఇక్కడెక్కడో కిటికీ దగ్గరికి వెళ్లాలి’ అని రాసుకుంటే చాలదు. ఏ మాట ముగిశాక మొదటి అడుగు పడుతుందో ఉండాలి. దర్శకుడు ఒకసారి హాలు ఎడమ అంచు కుర్చీ పడే చోట, మరోసారి కుడి అంచున కూర్చుని చూస్తే ఎవరు ఎవరిని కప్పుతున్నారో తెలుస్తుంది. మధ్యలో కూర్చునేవాడికి అన్నీ బాగానే కనిపిస్తాయి. రోజుకు నాలుగైదు పేజీల కంటే ఎక్కువ కదలికలు పెట్టకూడదని, మరునాడు కొత్త పేజీలకు వెళ్లేముందు నిన్నటివి ఒకసారి నడిచి చూసుకోవాలని నా అభిప్రాయం. ఒక రోజు చివరి రంగంతో మొదలుపెట్టి వెనక్కి రావడం కూడా మంచిది. ఆఖరి రంగానికి అలసట లేని నటులు దొరికేది అప్పుడే.

పోర్షన్ వచ్చే తేదీ, ప్రాంప్టర్ పని

పుస్తకం వదిలేసే తేదీ ఒకటి నిర్ణయించి అందరికీ ముందే చెప్పాలి. నలభై రోజుల వ్యవధిలో పద్దెనిమిదో రోజు ప్రాంతం అనుకూలంగా ఉంటుంది. ఆ తరువాత పోర్షన్, అంటే తన పాత్ర సంభాషణలు, నోటికి రాకపోయినా పుస్తకం చేతిలో ఉండకూడదు, అడిగితే మరిచిన మాటను ప్రాంప్టర్ చాటు నుంచి అందిస్తాడు. సొంత సంభాషణతో పాటు దానికి ముందు ఎదుటివారు అనే చివరి నాలుగు మాటలు కూడా కంఠస్థం చేయాలి. ఇంటి దగ్గర వల్లించేటప్పుడు ఈ మాటలను ఫోనులో రికార్డు చేసుకుని మధ్యలో తన వాక్యానికి సరిపడా ఖాళీ వదిలి వింటూ చెప్పడం బస్సు ప్రయాణాలు చేసేవారికి బాగా పనికి వస్తుంది.

ప్రాంప్టర్‌ను ఆఖరి రోజున పిలిచి వింగులో నిలబెట్టడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. నటుడు కావాలని పాటించే మౌనమేదో, మరిచిపోయి నిలిచిన మౌనమేదో తెలియాలంటే, పుస్తకం వదిలిన రోజు నుంచీ అతను హాజరై ప్రతి మౌనం దగ్గర ఒక అడ్డగీత పెట్టుకోవాలి. అందించేటప్పుడు వాక్యమంతా చెప్పకూడదు. మొదటి మాట, అదీ హాలులోకి పోకుండా నటుడికి మాత్రమే చేరేంత గొంతుతో, ఒక్కసారి చెబితే చాలు. మైకు దగ్గరలో ఉంటే ఆ గుసగుస నటుడి కంటే ముందు ప్రేక్షకుడికి వినబడుతుంది కనుక, మైకుల స్థానాలు తెలిశాకే ప్రాంప్టర్ ఎక్కడ నిలబడాలో నిర్ణయించాలి.

మన పరిషత్తు నాటికల్లో స్త్రీ పాత్రలు ధరించే నటీమణులు తరచు వేరే ఊరి నుంచి వస్తారు, ఒకే నెలలో రెండు మూడు సమాజాలకు ఆడతారు, చివరి ఒకటి రెండు రిహార్సల్స్‌కు మాత్రమే అందుతారు. ఇది లోపమని గొణగడం వల్ల లాభం లేదు, దానికి తగ్గ ఏర్పాటు చేసుకోవాలి. ఆమె పాత్రను రోజూ ఒకే వ్యక్తి చదవాలి, నడవాలి. రోజుకొకరు నిలబడితే మిగిలిన నటులకు ఎడం కుదరదు. కదలికలు ఖాయమయ్యాక ఆ బదులు మనిషితోనే ఫోనులో వీడియో తీసి ఆమెకు పంపాలి. ఆమె వచ్చిన రోజున మొదట ఆమె ఉన్న రంగాలే, ఆమె ఎంట్రీలతో మొదలుపెట్టి నడిపించాలి. రానుపోను టికెట్లు, బస ముందే ఖరారు చేయడం, రైలు దిగేసరికి ఒకరు ఎదురు వెళ్లడం సమాజం బాధ్యత. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉందని తెలియని కొత్తవారు రైలు దిగి ‘ఊరేదీ’ అని చూస్తుంటారు. రాత్రి రిహార్సల్ ఎన్ని గంటలకు ముగుస్తుందో ఆమెకు ముందుగా చెప్పి, ఆ మాట మీద నిలబడాలి.

వస్తువులు, దుస్తులు

పుస్తకం వదిలిన మరునాటి నుంచే చేతి వస్తువులు రావాలి. అసలు వస్తువు దొరకకపోతే అదే బరువు, అదే పరిమాణం ఉన్న బదులు వస్తువు వాడాలి. ఖాళీ చెంబును నిండు చెంబులా ఎత్తడం అనుభవం ఉన్నవారికి కూడా రాదు. మణికట్టు ఎంత వంగాలో నీళ్లు పోసి పట్టుకుంటేనే తెలుస్తుంది. ఒక రంగంలో అత్తగారు కోడలికి నీళ్ల చెంబు అందించి వెంటనే చేయి ఎత్తి దీవించాలి. రిహార్సల్ అంతా ఖాళీ చెంబుతో సాగితే, ఆఖరి రోజు నీళ్లు పోసేసరికి కోడలు రెండు చేతులతో పట్టుకోవలసి వస్తుంది, దండం పెట్టడానికి చేయి మిగలదు. అక్కడితో ఆ రంగంలోని కదలికలన్నీ తిరిగి పెట్టుకోవాలి. తినే సన్నివేశం ఉంటే నిజంగానే తింటూ సంభాషణ చెప్పి చూడాలి. చేగోడీ నోట్లో పెట్టుకుని మూడు వాక్యాలు స్పష్టంగా చెప్పడం సాధ్యం కాదని తెలిశాక దాన్ని అటుకులతోనో అరటిపండుతోనో మార్చుకోవచ్చు.

వింగు వెనుక ఒక బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ఒక్కొక్క వస్తువును దాని మీద పెట్టి చుట్టూ గీత గీసి, లోపల పేరు రాయాలి. కళ్లజోడు, ఉత్తరం, తాళంచెవి, మందు సీసా దేని చోటు దానికి ఉంటే, తెర లేవడానికి పది నిమిషాల ముందు ఏ గీత ఖాళీగా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ బల్లకు ఒక్కరే బాధ్యులు. నటులు వస్తువు తీసుకోవచ్చు గాని బల్ల సర్దకూడదు.

చీరలు, పంచెలు, చెప్పులు ఆఖరి పది రోజులు తప్పనిసరి. ప్యాంటుతో నడిచిన నడక పంచెతో రాదు, కూర్చునే తీరూ మారుతుంది. దుస్తులు మార్చుకునే వ్యవధి తక్కువగా ఉన్న చోట, మార్చే వ్యక్తితో కలిసి గడియారం పెట్టుకుని చీకట్లో సాధన చేయాలి. గుండీల వెనుక వెల్క్రో కుట్టించడం, చీర కుచ్చిళ్లు ముందే పిన్నులు పెట్టి ఉంచడం వంటివి అప్పుడే తోస్తాయి. అంటించే మీసం ఉన్న నటుడు ఒక పూర్తి రిహార్సల్ దానితోనే చేయాలి. మన తీరపు ఉక్కలో చెమట పట్టి పైపెదవి దగ్గర స్పిరిట్ గమ్ ఊడుతుందా లేదా అన్నది అద్దం ముందు రెండు నిమిషాలు కూర్చుంటే తెలియదు, గంటసేపు మాట్లాడితే తెలుస్తుంది.

లైట్లు, శబ్దం, చీకటి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన సమాజాలు అతి తక్కువ సమయం ఇచ్చే భాగం ఇదే. అన్నిటికంటె ముందు ఒక మూల ప్రతి తయారు కావాలి. అందులో ఎడమ పేజీలో సంభాషణ, కుడి పేజీలో ఖాళీ ఉంటుంది. ఎవరు ఏ వింగు నుంచి వస్తారు, ఎటు వెళతారు, లైటు ఎక్కడ మారుతుంది, ఏ శబ్దం ఎక్కడ రావాలి, చీకట్లో ఎవరు ఏ సామాను తీస్తారు అన్నీ ఆ కుడి పేజీలోకి చేరాలి. లైటు మార్పులకు అంకెలు, శబ్దాలకు అక్షరాలు వాడితే తికమక ఉండదు. ‘ఏడు’ అంటే లైటు, ‘ఊ’ అంటే ఉరుము. ఈ ప్రతి చూసి సంకేతం ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి, అతను నటుడు కాకూడదు, వీలైనంతవరకు దర్శకుడూ కాకూడదు. ప్రదర్శన సమయంలో దర్శకుడి మనసు ప్రేక్షకుల మీద ఉంటుంది.

సంకేతం రెండు మెట్లలో ఇవ్వాలి. మార్పుకు నాలుగైదు వాక్యాల ముందు ‘ఏడు సిద్ధం’ అనాలి, లైటు మనిషి ‘సిద్ధం’ అని తిరిగి చెప్పాలి. సరిగ్గా మారవలసిన మాట మీద ‘ఇయ్యి’ అనాలి. ఆ ‘ఇయ్యి’ అన్న మాటను ఆ గంటసేపు వింగుల్లో మరి దేనికీ వాడకూడదు. ‘ఆ టవలు ఇలా ఇయ్యి’ అని ఎవరో అంటే చాలు, వేదిక చీకటైపోతుంది.

హాలు దొరికిన మొదటి పూట పూర్తి నాటిక ఆడబోవడం సమయం దండగ. ఆ పూట మార్పు నుంచి మార్పుకు దూకుతూ వెళ్లాలి. ప్రతి మార్పుకు ముందు రెండు వాక్యాలు, తరువాత రెండు వాక్యాలు చెప్పి ఆపాలి, కుదరకపోతే అదే ముక్క మళ్లీ చేయాలి, కుదిరాక తరువాతి మార్పుకు వెళ్లాలి. నటులకు ఇది విసుగు పుట్టిస్తుందని ముందే చెప్పి, నీళ్లు, టీ, కుర్చీలు ఏర్పాటు చేసి, అభినయం గురించి ఆ పూట ఒక్క మాట కూడా అనకుండా ఉండాలి. గంట నాటికకు ఇలా మూడు గంటలు పడుతుంది, అంతకంటె తక్కువలో ముగిసిందంటే ఏవో వదిలేశారని అర్థం. హాలు అద్దె భారమని దీన్ని మానేసి, ప్రదర్శన చెడ్డాక లైట్లవాడిని తిట్టేవారికి ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత సరిగ్గా సరిపోతుంది.

చీకట్లో సామాను మార్చడం విడిగా సాధన చేయవలసిన పని. మొదట వెలుతురులో మెల్లగా, తరువాత వెలుతురులో వేగంగా, ఆ పైన చీకట్లో చేయాలి. ఎవరు ఏ వస్తువు తెచ్చి ఏది తీసుకుపోతారో, ఎవరు ముందు వేదిక మీదికి వస్తారో నిర్ణయమై ఉండాలి, లేకపోతే ఇద్దరు ఒకే కుర్చీ కోసం వంగి తలలు కొట్టుకుంటారు. సామాను పెట్టవలసిన మూలల్లో, మెట్ల అంచున, వేదిక ముందు అంచున చిన్న రేడియం ముక్కలు అతికిస్తే చీకట్లో దారి దొరుకుతుంది. అవి ముందు వరుస ప్రేక్షకులకు కనబడకుండా పడుకోబెట్టి అతికించాలి. మార్పులు చేసేవారు నల్ల బట్టలు, చప్పుడు చేయని చెప్పులు వేసుకోవాలి, లేదా వట్టి కాళ్లతో ఉండాలి.

రంగు లైట్లు వేసేవారు దుస్తులనూ మేకప్‌నూ ఆ వెలుతురులోనే చూసి ఒప్పుకోవాలి. ఎర్రంచు చీర ఆకుపచ్చ లైటులో నల్లంచు చీరలా కనిపిస్తుంది, నీలం వెలుతురులో నుదుటి కుంకుమ మచ్చలా తేలుతుంది. హాలులో చివరి వరుస నుంచి ఒకరు చూసి ముఖాలు తెలుస్తున్నాయో లేదో చెప్పాలి.

మైకులు పైనుంచి వేలాడేవైనా, వేదిక ముందంచున పెట్టేవైనా, నటుడు వాటిని వెతుక్కుంటూ నడవకూడదు. నటుడి గొంతు మైకు లేకుండానే పదో వరుసకు చేరాలి, మైకు దాన్ని చివరి వరుసకు చేరుస్తుంది. ముందంచు మైకుల కింద స్పాంజి ముక్క పెడితే అడుగుల చప్పుడు తగ్గుతుంది. సంగీతం ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో ఉంటే దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, అదే ఫైళ్లు మరో పెన్ డ్రైవ్‌లో కూడా ఉండాలి. మరణ సన్నివేశం మధ్యలో హాలంతటికీ ఎవరి ఇంటి నుంచో వచ్చిన రింగుటోన్ వినిపించిన ప్రదర్శనలు ఈ జిల్లాల్లో చాలామందికి గుర్తుంటాయి.

పద్యనాటకానికి అదనంగా

పద్యనాటకంలో పని రెండింతలవుతుంది. విజయనగరంలో 1919లో స్థాపితమైన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు వంటివారు అక్కడ పాఠం చెప్పారు. అలాంటి ఊళ్లో అపశ్రుతిని క్షమించే ప్రేక్షకులు దొరకరు. నటుడు మొదట పద్యాన్ని రాగం లేకుండా, పదాలు విడదీసి, వచనంలా అర్థం తోచేటట్టు చదవాలి. విరుపు ఎక్కడ, ఊపిరి ఎక్కడ అన్నది అప్పుడే తేల్చుకోవాలి. రాగం ముందు నేర్చుకున్నవాడు సమాసం మధ్యలో ఊపిరి తీస్తాడు, ఆ అలవాటు తరువాత పోదు. హార్మోనిస్టుతో కూర్చుని ప్రతి పాత్రధారి శ్రుతి రాసుకోవాలి. పక్కపక్కన పాడే ఇద్దరి శ్రుతులు వేరైతే మధ్యలో ఎన్ని వాక్యాల వచనం ఉందో చూసి హార్మోనియం మారే వీలు కల్పించాలి. ఆలాపన నిడివి కూడా రిహార్సల్‌లోనే ఖాయం చేయాలి. చప్పట్లు పడినప్పుడు రాగం సాగదీసే నటుడి వల్ల, పక్కన నిలబడిన పాత్రధారి ఏం చేయాలో తెలియక బొమ్మలా మిగులుతాడు. వన్స్ మోర్ వస్తే మళ్లీ పాడాలా వద్దా అన్నది కూడా సమాజం ముందే ఒక నిర్ణయానికి రావాలి, పోటీలో అయితే వద్దనే అంటాను.

ఈ ప్రాంతపు తప్పెటగుళ్ల బృందాలను చూసి నాటకంవారు నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఛాతీ మీది తప్పెట, కాలి గజ్జె, నోటి పాట, వలయంలో అడుగు నాలుగూ ఒకే మనిషి ఒకేసారి చేయవలసినవి కాబట్టి, అక్కడ వాద్యం వేరు, పాట వేరు అన్న మాటే ఉండదు. ఒకరి అడుగు తప్పితే బృందమంతటికీ వినబడుతుంది. వారి సాధనలో ఎదుటివాడిని వినడం మొదటి రోజు నుంచే ఉంటుంది.

జాతరలో, ఆరుబయట ఆడేవారికి

విజయదశమి తరువాత మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో ఆడేవారు ఊరి జనసమ్మర్దాన్ని, మైకుల హోరును లెక్కలో వేసుకోవాలి. సెట్టింగు సామాను బండి వేదిక దగ్గరికి ఏ దారిన, ఎన్ని గంటలకు చేరగలదో ముందు రోజే తేల్చుకోవడం మంచిది. ఆరుబయట చిన్న చిన్న ముఖ కవళికలు కనబడవు కనుక ఒక రిహార్సల్ మైదానంలో, దర్శకుడు బాగా దూరంగా నిలబడి చూస్తుండగా జరపాలి. అక్టోబరు మనకు తుపానుల నెల కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే విరుచుకుపడ్డాయి. అంతటిది రాకపోయినా ఒక జల్లు చాలు, కాబట్టి వాన వస్తే మొదట ఏ సామాను, ఏ వైరు, ఎవరు తీస్తారో మాట అనుకోవాలి. వైర్ల జోలికి కరెంటు తెలిసినవాడు తప్ప మరొకరు వెళ్లకూడదు.

కరెంటు పోవడానికి మాత్రం హాలులో ఆడేవారు కూడా సిద్ధపడాలి. ఒక రిహార్సల్ మధ్యలో, నటులకు చెప్పకుండా లైట్లూ మైకూ తీయించి చూడాలి. జనరేటర్ అందుకునే వరకు నటులు ఉన్న చోటనే కదలకుండా నిలబడాలా, సంభాషణ కొనసాగించాలా అన్నది ఆ అనుభవంతోనే తేలుతుంది. సాధారణంగా కదలకుండా ఆగి, వెలుతురు వచ్చాక ఆగిన వాక్యానికి ముందు వాక్యంతో మొదలుపెట్టడం మేలు.

ఆఖరి వారం, ప్రదర్శన రోజు

ఆఖరి వారంలో నాటిక ఆగకుండా నడవాలి. ఎవరు తప్పు చేసినా దర్శకుడు ఆపకుండా కాగితం మీద రాసుకుని, ముగిశాక చెప్పాలి. చెప్పేటప్పుడు తెరవెనుకవారి తప్పులతో మొదలుపెట్టి నటుల దగ్గరికి రావడం మంచిది, ఎందుకంటే నటుల గురించి మొదలైతే రాత్రి అక్కడే గడిచిపోతుంది. ఒక్కొక్కరికి మూడు నాలుగు సవరణలకు మించి ఇస్తే మరునాడు ఒక్కటీ గుర్తుండదు. ఏది సవరించాలో మాత్రమే కాక, ఏది బాగుందో కూడా చెప్పాలి, లేకపోతే నటుడు బాగున్నదాన్నే మార్చేస్తాడు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు నుంచి కొత్త ఆలోచన ఎంత మంచిదైనా చేర్చకూడదు. పోటీలకు వెళ్లేవారు సెట్టింగు కట్టడం, విప్పడం కూడా గడియారం పెట్టుకుని రెండు మూడుసార్లు చేయాలి. సెట్టింగులో గోడలుగా నిలిపే ఫ్లాట్ల వెనుక అంకెలు వేసి, ఏ అంకె ఎవరు మోయాలో రాసిపెట్టుకుంటే ముందు నాటిక ముగిసి తరువాతి తెర లేచేలోగా దొరికే కాస్త సమయం సరిపోతుంది.

ప్రదర్శన రోజున పూర్తి రిహార్సల్ పెట్టకూడదు, గొంతులు అలసిపోతాయి. మధ్యాహ్నం ఎంట్రీలు, నిష్క్రమణలు, చీకటి మార్పులు, గొడవ పడే లేదా కింద పడే సన్నివేశాలు మాత్రం మెల్లగా ఒకసారి నడిచి చూసుకోవాలి. మేకప్ అయిన నటులు హాలులోకి వచ్చి బంధువులతో మాట్లాడకూడదన్న నియమం చాదస్తంగా అనిపించినా పాటించాలి. తెర లేవడానికి అరగంట ముందు, పదిహేను నిమిషాల ముందు, అయిదు నిమిషాల ముందు మూల ప్రతి పట్టుకున్న వ్యక్తి మేకప్ గదికి వెళ్లి సమయం చెప్పాలి, ప్రతిసారీ మనుషుల్ని లెక్కపెట్టాలి. చివరిసారి వస్తువుల బల్ల మీది గీతలు, వేదిక మీది సామాను, మైకులు, ఫోను ఫ్లైట్ మోడ్ చూసుకున్నాక మాత్రమే తెర లాగేవాడికి మాట అందాలి.

ఆ రాత్రే, సామాను బండికి ఎక్కించాక, జరిగిన మార్పులూ నిడివీ మూల ప్రతిలో రాసుకోవాలి. తరువాతి ప్రదర్శన మరో ఊళ్లో అయితే అక్కడి వేదిక కొలతలు ముందే తెప్పించుకుని, పాఠశాల వరండాలో పాత ముగ్గు చెరిపి కొత్త గీతలు వేసి, ఎంట్రీలు ఒక రాత్రి నడిచి చూసుకోవాలి.